నా పేరుతో వెళ్లిన మెయిల్

మా గొర్రెల పెంపకందార్ల సంఘంలోని పదకొండు శాఖలను ఒక్క పూటలో అతలాకుతలం చేసిన మెయిల్ నా కంప్యూటర్ నుంచే, నా పేరుతోనే వెళ్లింది. ఈ సంగతి బయటికి చెప్పడానికి చాలా కాలం సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఎక్కడ నలుగురు కూర్చున్నా దీంతోనే మొదలుపెడతాను.

రాష్ట్రం వచ్చి నాలుగైదేళ్లయిన కాలం అది. నేను పాలమూరులో కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, సంఘం ఆఫీసులో ఆపరేటర్‌గా చేరి ఏడాది దాటింది. మాది మంద ఉన్న ఇల్లు. నాయిన ఏటా ఎండాకాలం గొర్రెలను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వలస పోయి, తొలకరికి తిరిగి వచ్చేవాడు. నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, "నేను గుట్టల పొంటి కాస్త, నా బిడ్డ కంప్యూటర్ల కాస్తది" అనేవాడు. అది అంత తప్పు మాటేం కాదు. ఏ ఊళ్లో ఎవరి మందలో ఎన్ని తలలున్నాయి, వేటికి ఏ టీకా పడింది, వలస పోయిన మంద ఇప్పుడు ఎక్కడుంది, అన్నీ నా దగ్గరి జాబితాలో ఉండేవి.

జిల్లాలు విడిపోయినా మా సంఘం మాత్రం పాత పాలమూరు జిల్లా మీదే నడిచేది. నారాయణపేట, కోస్గి, గద్వాల, అచ్చంపేట, అటు చివర మక్తల్. ఒక్కో శాఖ అంటే ఒక్కో గది, ఒక కంప్యూటర్, టీకా మందు దాచే ఒక ఫ్రిజ్, చూసుకునే ఒక మనిషి. ఆ కంప్యూటర్లన్నీ నేనే బస్సుల్లో తిరిగి పెట్టి వచ్చాను. ఎవరైనా మరిచిపోతే మాటిమాటికీ నాకు ఫోన్ చేయకుండా పదకొండు కంప్యూటర్లకూ, సంఘం మెయిల్‌కూ ఒకటే పాస్‌వర్డ్ పెట్టాను. అప్పుడు అది చాలా తెలివైన పని అనుకున్నాను.

ఆ జూన్‌లో చిటుక రోగం టీకాలు వేయాలి. మొదటి వానకు లేచిన లేత గడ్డి తిన్న గొర్రె పొద్దున బాగానే ఉండి, సాయంత్రానికి కాళ్లు తన్నుకుని పడిపోతుంది. తడి నేల మీద పచ్చిక కనిపించకముందే సూది పడాలి. మబ్బులు అప్పటికే కమ్ముతున్నాయి. ఎల్లుండి తెల్లారగానే మక్తల్ వైపు ఊళ్లలో మొదలుపెట్టాలని నిర్ణయం. ఏ రోజు ఏ ఊరికి ఎంత మందు పోవాలో చెప్పే జాబితా మీదే అంతా ఆధారపడి ఉంది.

ఆ రోజు పొద్దున పదింటికి తిరుమలగిరి నుంచి ఒక మెయిల్ వచ్చింది. నల్లగొండ వైపు ఉన్న మా తోటి సంఘం అది. అక్కడి ఆపరేటర్, నా ఈడు అమ్మాయే, వారం కింద టీకాల గురించి నాతో రెండు ఉత్తరాలు నడిపింది. ఈ మెయిల్ సరిగ్గా ఆ ఉత్తరానికి జవాబుగా, నేను రాసిన వాక్యాల పైనే అతుక్కుని వచ్చింది. 'సవరించిన జాబితా జతచేశాను, చూడగలరు' అని ఒక్క ముక్క. అనుమానం ఎందుకొస్తుంది? తెరిచాను. పైన పసుపుపచ్చ పట్టీ ఒకటి వచ్చింది, లోపలి విషయం కనిపించాలంటే ఇక్కడ నొక్కమని. నొక్కాను. లోపల ఏమీ లేదు, ఖాళీ గళ్లు. పొరపాటున ఖాళీది పంపినట్టుంది, మధ్యాహ్నం ఫోన్ చేసి అడుగుదాం అనుకుని నా పనిలో పడ్డాను. తెరవకముందే అడిగి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

అరగంటకు నారాయణపేట నుంచి ఫోన్. మీరు పంపిన జాబితా ఖాళీగా ఉంది మేడం, అని. నేనేం పంపలేదే అన్నాను. పెట్టేసరికి గద్వాల నుంచి ఇంకో ఫోన్: ఒకే జాబితా మూడుసార్లు ఎందుకు పంపారు అని. నా పంపిన మెయిళ్ల పెట్టె తెరిచి చూశాను. అందులో ఏమీ లేదు. కానీ నేనెప్పుడో ఉత్తరం రాసిన, ఇప్పుడు పనిచేయని చిరునామాలకు నా పేరుతో వెళ్లిన మెయిళ్లు తిరిగి వచ్చి నా ముందు వరసగా పడుతున్నాయి. ఒకటి, నాలుగు, తొమ్మిది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, నా పేరు మాత్రం జిల్లా అంతా తిరుగుతోంది.

డిగ్రీలో దీని గురించి ఒక పాఠం చదివాను. పురుగు అంటారు దీన్ని. ఒక కంప్యూటర్‌లో దూరి, అందులోని చిరునామాలన్నీ ఏరుకుని, ఆ మనిషి పేరుతోనే అందరికీ ఉత్తరాలు రాసి, తెరిచిన ప్రతివాళ్ల దగ్గరా మళ్లీ అదే పని చేస్తుంది. పరీక్షలో అయిదు మార్కులకు రాశాను. అది నా బల్ల కింద ఉంటుందని మాత్రం ఊహించలేదు.

ఒక్క గుంజుతో నెట్ తీగ పీకేశాను. కరెంటు స్విచ్ ఆపాను. పక్క గదిలో ఉన్న మా అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పి, తప్పు నాదే సారు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మందల రోగమొస్తె ముందుగాల ఏం జేస్తం బిడ్డా? రోగమున్నదాన్ని ఇడిగ కట్టేస్తం. ఎవరి తప్పో ఎనకసిరి సూద్దం. ఎవరెవరికి పోయిందో చెప్పు."

నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్లంతా చురుకు పుట్టింది. గోడ మీది బోర్డు తుడిచి పదకొండు ఊళ్ల పేర్లు రాశాను. అధ్యక్షుడు, మా గుమస్తా అక్క, నేను, ముగ్గురం మూడు ఫోన్లు పట్టుకున్నాం. చెప్పాల్సిన మాట ఒకటే: నా పేరుతో వచ్చిన మెయిల్ తెరవొద్దు, తెరిచినా తెరవకపోయినా ముందు నెట్ తీగ పీకండి, మిషన్ ఆపండి, నేను చెప్పేదాకా ముట్టొద్దు. ఒక ఊరు అయిపోగానే బోర్డు మీద సుద్దతో కొట్టేయడం. నారాయణపేట తెరిచారు, ఆపారు. గద్వాల తెరిచారు, ఆపారు. అచ్చంపేటలో పొద్దటి నుంచి కరెంటు లేదట. కరెంటు పోయినందుకు అంత సంతోషపడ్డది జీవితంలో అదొక్కసారే. తిరుమలగిరికి కూడా చేసి చెప్పాను. అక్కడి అమ్మాయి మెయిల్ తాను పంపనే లేదని, తనకూ ఎవరి పేరుతోనో వచ్చిందని చెప్పి ఏడ్చేసింది.

కోస్గి ఆయన మాత్రం ఇంకో సంగతి చెప్పాడు. మెయిల్ తెరిచిన కాసేపటికి తెర మొత్తం ఎర్రగా మారిందట. కుయ్‌కుయ్‌మని మోత. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఆపితే సమాచారమంతా పోతుంది, వెంటనే మా సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి అని కింద ఒక నంబరు. "చేద్దామని నంబరు కాయితం మీద రాసుకున్న మేడం, గంతల నువ్వే చేసినవ్" అన్నాడు. ఆ కాగితం చింపేయమన్నాను. కంప్యూటర్ కంపెనీ వాళ్లెవరూ మన తెర మీదికొచ్చి నంబరు ఇవ్వరని, ఆ నంబరు దొంగదేనని, ఆ మోత భయపెట్టడానికేనని గబగబా చెప్పి పెట్టేశాను.

బోర్డు మీద ఇక మక్తల్ ఒక్కటే మిగిలింది. అక్కడి శాఖ చూసే సారు రిటైరైన లెక్కల పంతులు. ఆయన ఫోన్ ఎంగేజ్. మళ్లీ చేశాను, ఎంగేజ్. అయిదోసారి కూడా. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి మాట్లాడే మనిషి కాదు. ఎవరితో మాట్లాడుతున్నాడో నాకు తెలిసిపోయింది.

మక్తల్ ఆఫీసుకు ఎదురుగా ఒక మిర్చిబజ్జీల హోటల్ ఉంది. నేను అక్కడ కంప్యూటర్ పెట్టిన మూడు రోజులూ దాన్ని నడిపే అక్క దగ్గరే తిన్నాను. రోజూ సాయంత్రం బస్సెక్కాక, ఇల్లు చేరినవా అని ఫోన్ చేసి అడిగేది. ఆమె నంబరు నొక్కాను.

"అక్కా, నేను పాలమూరు ఆఫీసు పిల్లను."

"చెప్పు చెల్లె. పొయ్యి మీద నూనె మసులుతాంది, జర జల్ది చెప్పు."

"నూనె దించి మా ఆఫీసుకు ఉరుకు అక్కా. ఫోన్ చేతులనే పట్టుకో. సారు కంప్యూటర్ ముంగట కూసోని ఫోన్‌ల మాట్లాడుతుంటడు. నువ్వు పోయి గోడకున్న తీగ పీకెయ్."

"సారు కోపం జేస్తె?"

"నన్నంటడు. నువ్వు పీకు."

"ఏ తీగ?"

ఆ గదిలో ప్లగ్గులు ఎన్నున్నాయో, ఏది దేనిదో ఆమెకు ఎలా చెప్పను? "అన్నీ పీకు" అన్నాను.

ఆ తర్వాత అంతా చెవితోనే చూశాను. గిన్నె దించిన చప్పుడు. చెప్పులు టపటపలాడించుకుంటూ రోడ్డు దాటడం. దగ్గరగా బస్సు హారన్, డ్రైవర్ తిట్టు, దానికి అక్క నడుస్తూనే ఇచ్చిన జవాబు. తలుపు. గది లోపల సారు గొంతు, బడిలో ఇన్‌స్పెక్టరు ముందు మాట్లాడినట్టు మర్యాదగా, ఇంగ్లీషులో, 'యస్, టైపు చేస్తున్నా, యస్' అంటోంది. గుమస్తా అక్క, అధ్యక్షుడు నా రెండు పక్కలా వంగి నిలబడ్డారు. టక్, టక్, టక్ అని మూడు చప్పుళ్లు వినపడ్డాయి. మక్తల్ గదిలో టేబుల్ ఫ్యాన్ తిరుగుతున్న శబ్దం కూడా ఆగిపోయింది.

"ఏమే, ఏం జేసినవ్?" సారు అడుగుతున్నాడు.

"పాలమూరు పిల్ల పీకమన్నది. మాట్లాడు" అని ఆమె ఫోన్ ఆయన చేతికిచ్చింది.

ఆయన రెండో చేతిలోని ఫోన్‌లో ఇంకా ఎవరో, సార్, సార్, ఏమైంది, కనెక్షన్ పోయింది అంటున్నారు. ఆ ఫోన్ ముందు పెట్టేయండి సారు, వాళ్లు దొంగలు అన్నాను. ఆయన పెట్టేశాడు. తెర ఎర్రబడగానే కింది నంబరుకు తనే చేశానని, వాళ్లు ఏదో ఒకటి ఎక్కించమంటే ఎక్కించానని, ఆ వెంటనే బాణం గుర్తు దానంతట అదే తిరగడం మొదలుపెట్టిందని మెల్లగా చెప్పాడు. చివరికి సంఘం పాస్‌వర్డ్ అడిగారట. సగం కొట్టాడట. మిగతా సగం కొడుతుండగా తెర ఆరిపోయింది.

పదకొండింటికీ నేను పెట్టింది అదే పాస్‌వర్డ్.

"నీ పేరు మీద వచ్చింది బిడ్డా. అందుకే తెరిచిన" అన్నాడు ఆయన.

వస్తున్నాను సారు అని మాత్రం అన్నాను. పెట్టేసి చివరి ఊరి మీద సుద్దగీత కొడితే సుద్ద రెండు ముక్కలైంది. గుమస్తా అక్క నన్ను గట్టిగా పట్టుకుంది. ముగ్గురం నవ్వుతున్నాం, ఎందుకు నవ్వుతున్నామో తెలియదు. అప్పుడు అధ్యక్షుడు నవ్వాపి, "అన్నీ పీకమన్నవు గదా, టీకాల ఫ్రిజ్జు?" అన్నాడు. మళ్లీ ఫోన్ అందుకున్నాను. పావుగంటే అయింది, తలుపు ఎవరూ తీయలేదు కాబట్టి మందు చల్లగానే ఉంది. హోటల్ అక్కే తిరిగి పెట్టింది ప్లగ్గు.

మధ్యాహ్నం బస్సుకు మక్తల్ బయల్దేరాను. బయల్దేరే ముందు, ఆ మెయిల్ తెరవని గుమస్తా అక్క ఫోన్ నుంచి సంఘం మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. సంచిలో కంప్యూటర్‌ను తుడిచి మళ్లీ మొదటి నుంచి నింపే పెన్‌డ్రైవ్ ఉంది. దేవరకద్ర దాటాక సన్నగా తుంపర పడింది. బస్సులో అందరూ వానను చూసి మురుస్తుంటే, నేను మాత్రం రెండు రోజులాగు తల్లీ అని మొక్కుకుంటూ కూర్చున్నాను.

సారు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టిఫిన్ గిన్నె మూత తీయలేదు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పానని, చివరికి ఎవడో ఫోన్‌లో చెప్పిన మాట విని సంఘాన్ని ముంచబోయానని, రేపటి నుంచి రానని అన్నాడు. నేను నేల మీదే కూర్చుని మిషన్ విప్పుతూ, పసుపు పట్టీ మీద మొదట నొక్కింది నేనేనని చెప్పాను. తిరుమలగిరి నుంచి వస్తే, ఫోన్ చేసి అడగకుండా తెరిచానని, నేను తెరవకపోతే మీ దగ్గరికి వచ్చేదే కాదని, పైగా నాది కంప్యూటర్ చదువేనని.

"నువ్వు గూడనా?"

"నేనే మొదలు సారు."

ఆయన గిన్నె మూత తీసి, సగం జొన్నరొట్టె నాకిచ్చాడు.

మిషన్ మొత్తం తుడిచేయక తప్పలేదు. పాలమూరులో నాదీ అంతే. పాత నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంది కానీ అది పదిరోజుల కిందటిది. ఆ పదిరోజుల్లోనే వలస మందలన్నీ తిరిగి వచ్చాయి. ఎవరు ఎక్కడ దిగారో రాసుకున్నదంతా పోయినట్టే. ఆ మాట నేను చెప్పగానే సారు లేచి, బీరువాలోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ప్రతిదీ చేత్తో రాసుకోవడం ఆయనకు అలవాటట; మిషన్‌ను నమ్మక కాదు, తన కంటిని నమ్మక అన్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఊరు, మనిషి, తలలు, పిల్లలు, మంద దిగిన చేను. నేను ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాను.

ఆయన చదవడం, నేను కొట్టడం. మిగతా శాఖల వాళ్లు ఫోన్‌లో చెప్పడం, నేను కొట్టడం. రాయని చోట్ల కాపరులకే ఫోన్ చేశాం. మా నాయినకు కూడా చేశాను. ఆయన తన మందతో పాటు చుట్టుపక్కల దిగిన ఆరు మందల లెక్క గుక్కతిప్పుకోకుండా చెప్పి, ఇంకేమన్నా కావాల్నా అని అడిగాడు. హోటల్ అక్క ఆఫీసు గడపలో నిలబడి, ఆమె తమ్ముడి మంద పేరు జాబితాలో ఉందో లేదో చూసుకుని గానీ వెళ్లలేదు. చీకటి పడకముందే పదకొండు శాఖలదీ జాబితా మళ్లీ తయారైంది. అనుకున్న రోజునే, పొద్దు పొడవకముందే మొదటి ఊళ్లో మొదటి గొర్రెకు సూది పడింది. సారు పక్కన నిలబడి నోటుపుస్తకంలోనే టిక్కు పెట్టుకున్నాడు. సూదులన్నీ పడ్డ మర్నాడు కురిసిన వానలో నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి, సిగ్గులేకుండా తడిశాను.

తర్వాత సంఘంలో పద్ధతులు మారాయి. ఒక్కో శాఖకు ఒక్కో పాస్‌వర్డ్. జాబితాకు వారం వారం నకలు తీసి, ఆ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు దూరంగా బీరువాలో పెట్టడం. పసుపు పట్టీ వస్తే ముట్టకపోవడం. అన్నిటికంటే ముఖ్యమైనది మక్తల్ సారు పెట్టాడు: ఎంత తెలిసిన వాళ్ల పేరుతో జతపత్రం వచ్చినా, ముందు ఫోన్ చేసి పంపినవా అని అడగాలి. పంపినవాళ్లు నొచ్చుకోకూడదు. మొదట్లో అందరూ నవ్వారు. నెలలోపు అదే అలవాటైంది.

అయితే అసలు పని తిరుమలగిరిలో మొదలైంది. వాళ్ల సంఘం వాళ్లు మాకూ చెప్పి పొమ్మని పిలిచారు. నేను, మక్తల్ సారు కలిసి వెళ్లాం. నాతో ఫోన్‌లో ఏడ్చిన ఆపరేటర్ అమ్మాయి వాకిట్లోనే నిలబడి ఉంది, నా ముఖం చూడడానికి జంకుతూ. నేను తిట్టడానికి వచ్చాననుకుందట. నా పేరుతో పదకొండు మందికి పోయిందని చెప్పేసరికి, తన పేరుతో ముప్పై మందికి పోయిందని ఆమె అన్నది, ఏదో పందెం గెలిచినట్టు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకునే లోపలికి పోయాం.

సంతరోజు కావడంతో గది నిండిపోయింది. నేను రాసుకుపోయిన ఉపన్యాసం ఎవరికీ ఎక్కలేదు. సారు లేచి, ఎర్ర తెర, ఇంగ్లీషు మర్యాద, సగం కొట్టిన పాస్‌వర్డ్, హోటల్ అక్క రాక, అన్నీ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫ్యాన్ కూడా ఆగిపోయిందని చెప్పేసరికి గదంతా నవ్వు. ఆ నవ్వులోంచే ఒకరి తర్వాత ఒకరు తమ సంగతులు బయటపెట్టారు. ఒకాయన ఇలాగే ఎవరికో ఫోన్ చేశాడట, ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదట. వెనక వరసలోంచి ఒక ముసలామె, చేతికర్ర పక్కన పెట్టి, కొంగుముడిలోంచి ఫోన్ తీసి నాకిచ్చింది.

"పెండ్లి పత్రిక అని వచ్చింది బిడ్డా. ఒత్తితె ఇంకేందో ఎక్కియ్యమంటది. పిల్ల ఎవరో నాకు ఎరుక లేదు, అందుకని ఎక్కియ్యలే. మంచిగ జేసిన్నా?"

అది పత్రిక కాదు. పెళ్లి పేరు పెట్టుకున్న అదే రకం పురుగు, ఈసారి ఫోన్‌లోకి దూరడానికి వచ్చింది. మంచి పని చేసినవ్ అవ్వా అని చెప్పి అందరికీ వినపడేలా ఆ సంగతి వివరించాను. ఆమె గర్వంగా చుట్టూ చూసింది. అంతే, గదిలోని ప్రతి చెయ్యీ ఒక ఫోన్‌తో లేచింది. ఆపరేటర్ అమ్మాయి ఒక బల్ల దగ్గర, నేను ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. సారు వరస నిలబెట్టాడు. ఇప్పుడు నా బతుకుతెరువు అదే, ఊరూరా తిరిగి ఫోన్లు, కంప్యూటర్లు చూసి చెప్పడం. ఆ మధ్యాహ్నం మొదటి ఫోన్ ఆ అవ్వదే. అందులో అనవసరమైనవి తీసేసి ఇస్తుంటే, ఆమె పక్కనున్న మనిషిని వెనక్కి జరగమని, "జర ఆగు, నాది ఇంకా కాలే" అంటోంది.